టాటా మొబైల్ 206కి కొత్త వైరింగ్: ఆటోనగర్‌లో చేయించాలా, కిట్ తెప్పించాలా?

సింగ్‌నగర్_206 (విజయవాడ)

అందరికీ నమస్తే. నాన్నగారి 1990 టాటా మొబైల్ పికప్ ఇప్పుడు నా దగ్గరుంది, ఏపీ 16 బండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా వీధంతా మునిగింది, బండి డ్యాష్‌బోర్డు దాకా నీళ్లలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఇంజిన్ విప్పించాం, డీజిల్ పంపు సర్వీసు అయింది, సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటర్ రెండూ కడిగి బేరింగులు మార్చారు. బండి స్టార్టవుతుంది, నడుస్తుంది. ఏడిపిస్తున్నదల్లా కరెంటే.

బ్రేకు తొక్కితే పార్కింగ్ లైట్లు మినుకుమంటాయి. ఇండికేటర్ వేస్తే డీజిల్ ముల్లు దాంతోపాటే ఊగుతుంది. హెడ్‌లైట్లు వేస్తే ఎదురుగా గోడ కనపడుతుంది, రోడ్డు కనపడదు. హీటర్ ప్లగ్గుల (స్టార్టయ్యే ముందు డీజిల్ ఇంజిన్‌ని వేడి చేసేవి) రిలే, అంటే వాటికి కరెంటు వదిలే స్విచ్ డబ్బా, ఒక్కోసారి పట్టేసి వదలదు, అదే నాకు టెన్షన్. ముక్కముక్కగా అతుకులు వేయించి విసుగొచ్చింది, వైరింగ్ మొత్తం మార్చేద్దామనుకుంటున్నా.

తిరిగితే దొరికిన దారులు ఇవి. కంపెనీ వైరింగ్ కొత్తది ఎక్కడా లేదు, పాత స్టాకు ఉందని ఒకాయన అన్నాడు కానీ చూపించలేదు. టాటావాళ్లదే 207 పికప్, దాని స్క్రాప్ బండి నుంచి తీసినది చవగ్గా వస్తుంది. ఆటోనగర్‌లో చేత్తో కట్టిస్తే వైరుతో కలిపి పద్నాలుగు పదిహేను వేలు అంటున్నారు. లేదంటే అమెరికా నుంచి యూనివర్సల్ కిట్, వీడియోల్లో చూస్తే భలే ముచ్చటగా ఉంది, ప్రతి వైరు మీద పేరు అచ్చేసి ఉంటుంది. బండి రోజూ తిరగదు, వారానికోసారి పొలం వెళ్లొస్తుంది, కానీ ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) నిలబడాలి, రాత్రిపూట గన్నవరం దాకా భయం లేకుండా వెళ్లిరావాలి. ఏది తీసుకోమంటారు?

మిర్చియార్డ్_మామ (గుంటూరు)

బాబూ, నువ్వు చెప్పిన గుర్తుల్లో సగం వైరింగ్‌వి కావు, ఎర్త్‌వి. బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు వెలిగిందంటే ఆ కరెంటుకి బాడీ ద్వారా వెనక్కి వెళ్లే దారి లేక పక్క బల్బులో దూరి వెళ్తోందన్నమాట. ముల్లు ఊగడం కూడా అదే. నీళ్లలో నానిన బండికి ముందు ఎర్త్ బోల్టులన్నీ విప్పి తుప్పు గీకి ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించు, ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉండే అల్లిక పట్టీ కొత్తది వెయ్యి, క్యాబిన్‌కీ ఛాసిస్‌కీ ఒకటి, వెనక తొట్టికి ఒకటి. మూడు నాలుగొందల రూపాయల పని. అది చేశాక కూడా మిగిలిన రోగం ఏదో అప్పుడు చూద్దాం.

అమెరికా కిట్ మాట మాత్రం మర్చిపో. ఎందుకో ఆ దేశంలో ఉన్నవాళ్లే చెప్తారులే.

పటమట_బుల్లోడు (విజయవాడ)

నేనైతే 207 స్క్రాప్ వైరింగ్ పట్టుకొచ్చి వేసేస్తా. టాటా టాటానే కదా. ఇంత ఆలోచన ఎందుకు బ్రో.

తెనాలి_టు_టెక్సాస్ (ఫోర్ట్‌వర్త్)

మామగారు నన్నే పిలిచినట్టున్నారు :) మాది తెనాలి దగ్గర పల్లె, ఇక్కడ నా దగ్గర 1970 షెవీ సి10 పికప్ ఉంది, దానికి మొత్తం వైరింగ్ నేనే మార్చుకున్నా, కాబట్టి కిట్ల సంగతి కొంచెం వివరంగా రాస్తా.

ఇక్కడ పాత పికప్‌లకి దొరికే వైరింగ్‌లు మూడు జాతులు. ఒకటి అచ్చు పాతదానిలాగే, అదే రంగులు, అవే కప్లర్లు (వైర్లని కలిపే ప్లగ్గులు), అదే ఫ్యూజు బాక్సు. ఎం అండ్ హెచ్ లాంటి వాళ్లు చేస్తారు, షోలో నిలబెట్టే బండికి అదే కొంటారు. రెండోది ఆ మోడల్‌కే కొలిచి కత్తిరించినదే కానీ లోపల కొత్తకాలం పద్ధతి: బ్లేడ్ ఫ్యూజులు, రిలేలు, ఏసీకీ స్టీరియోకీ అదనపు సర్క్యూట్లు. అమెరికన్ ఆటోవైర్ వాళ్ల క్లాసిక్ అప్‌డేట్ ఈ రకం, నేను 69-72 షెవీ ట్రక్కుది వేసుకున్నా. మూడోది నువ్వు చూసిన యూనివర్సల్, 12 సర్క్యూట్లు, 18 సర్క్యూట్లు అని అమ్ముతారు. పెయిన్‌లెస్ కంపెనీ మా ఊళ్లోనే ఉంది. వైరు నాణ్యతకి వంక పెట్టలేం, పూత 125 డిగ్రీల వేడిని తట్టుకునే క్రాస్‌లింక్ రకం, వైరు పొడుగునా అది ఎక్కడికి పోవాలో అచ్చేసి ఉంటుంది. మొదటి రెండు రకాలూ నీ బండికి అసలు ఉండవు. కాబట్టి నీకు మిగిలేది మూడోదే.

ఇప్పుడు అది నీ బండికి ఎందుకు పనికిరాదో విను. ఇక్కడి పాత ట్రక్కుల్లో వెనక బ్రేకు లైటూ ఇండికేటరూ ఒకే ఎర్ర బల్బు, ఒకే ఫిలమెంటు. బ్రేకు కరెంటు స్టీరింగ్ కింద ఇండికేటర్ స్విచ్‌లోంచి వెనక్కి వెళ్తుంది. మన బండికి ఇండికేటర్ వేరు, పసుపు రంగు, బ్రేకు వేరు. అక్కడే కిట్ సగం విప్పి మళ్లీ కట్టాలి. స్టీరింగ్ కప్లర్ జనరల్ మోటార్స్ ఆకారంలో వస్తుంది, నీ కాంబినేషన్ స్విచ్‌కి సరిపోదు. కిట్‌లో ఇగ్నిషన్ కాయిల్‌కి వైరుంటుంది, నీది డీజిల్, కాయిల్ లేదు. నీకు కావలసిన హీటర్ ప్లగ్గుల సర్క్యూట్ అందులో ఉండదు. పైగా పొడుగులన్నీ స్టీరింగ్ ఎడమవైపు ఉన్న బండికి లెక్కేసినవి. వీటన్నిటికీ తోడు ధర ఐదారు వందల డాలర్లు, కొరియరు, కస్టమ్స్, దాని మీద జీఎస్టీ, తడిసి మోపెడవుతుంది. వీడియోలో ముచ్చటగా ఉంటుంది నిజమే, ఆ వీడియోలో బండి మాత్రం నీది కాదు.

సింగ్‌నగర్_206

అన్నా, బ్రేకూ ఇండికేటరూ ఒకే బల్బు అని ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్. కిట్ ఆలోచన మానేశా.

మామగారూ, ఎర్త్‌లు ఆదివారం చేస్తాను. బుల్లోడు గారూ, 207 వైరింగ్ నిజంగా సరిపోతుందా? ఒకరు సరిపోతుందనీ ఒకరు సరిపోదనీ అంటున్నారు.

ఎలక్ట్రికల్_మేస్త్రి (ఆటోనగర్, విజయవాడ)

సరిపోతుంది అన్నవాడు ఎప్పుడూ వెయ్యలేదు తమ్ముడూ. 207లోనే ఎన్ని రకాలు, డీఐ ఇంజిన్ వేరు, దాని కప్లర్లు వేరు, మీటర్ బోర్డు వేరు. తొట్టి కింద వెనక్కి వెళ్లే వైరు వరకు వాడుకోవచ్చు, క్యాబిన్ లోపలిది మాత్రం కత్తిరించి అతకాల్సిందే. అతుకులు వద్దనే కదా నువ్వు మార్చేది! ఇంకొకటి, స్క్రాప్‌లో తీసేటప్పుడు వాళ్లు విప్పరు, కట్టర్‌తో కోసేస్తారు, కప్లర్ల దగ్గర జానెడు వైరు లేకుండా వస్తుంది. ఆ స్క్రాప్ బండి ఏ వరదలో మునిగిందో కూడా నీకు తెలీదు. బుడమేరు తర్వాత ఎన్ని బండ్లు తుక్కుకి పోయాయో నీకు నేను చెప్పాలా.

నీ వైరింగ్ పనికొస్తుందో లేదో తేల్చుకోవాలంటే కప్లర్ దగ్గర చూసి ఊరుకోకు, కప్లర్‌లో పిన్నులు ఎలాగూ పచ్చ చిలుం పట్టి ఉంటాయి. అక్కడి నుంచి ఒక బెత్తెడు వెనక్కి పూత కోసి చూడు. రాగి ఎర్రగా మెరిస్తే ఆ వైరు బతికే ఉంది, చివర కత్తిరించి కొత్త పిన్ను వేస్తే చాలు. నల్లగా మసిబారి, వేలితో నలిపితే పొడిలా రాలుతుంటే నీళ్లు పూత లోపల పాకాయన్నమాట, సన్నటి తీగల మధ్య సందుల్లోంచి నీరు తనంతట తానే పైకి ఎక్కుతుంది. అలాంటి వైరుకి లెడ్ (సోల్డర్) కూడా అంటుకోదు. అలాంటివి ఎక్కువుంటే మొత్తం మార్చు, రెండు మూడే అయితే నీ డబ్బులు నీ దగ్గరే ఉంచుకో.

పటమట_బుల్లోడు

సరే మేస్త్రి గారూ, మీ దెబ్బకి మా స్క్రాప్ వ్యాపారం మూతపడింది.

సింగ్‌నగర్_206

ఇవాళ చూశానండి. మీటర్ బోర్డు వెనక కట్ట విప్పి నాలుగైదు చోట్ల కోశా. బానెట్ కింద పైభాగంలో ఉన్నవి బాగానే ఉన్నాయి. డ్యాష్ కింద, కాళ్ల దగ్గర, ఫ్యూజు బాక్సు వెనక మొత్తం నలుపే. ఒక వైరు వంచితే పూత ఒక్కటే మిగిలింది, లోపల తీగలు విరిగిపోయి ఉన్నాయి. తొట్టి కింద వెనక్కి వెళ్లే కట్టలో పాత టేపు విప్పితే ఇంకా బురద ఉంది. మొత్తం మార్చడమే అనుకుంటున్నా.

ఎర్త్‌లు కూడా చేశాను, ముల్లు ఊగడం ఆగిపోయింది. పార్కింగ్ లైట్ల మినుకు తగ్గింది కానీ పోలేదు. హెడ్‌లైట్ల గుడ్డితనం మాత్రం అలాగే ఉంది.

పాలిటెక్నిక్_మాస్టారు (గుంటూరు)

హెడ్‌లైట్ల సంగతి నేను చెప్తాను. ఆ ఒక్కటి అర్థమైతే మిగతా వైరింగ్ ఎలా ఎంచుకోవాలో దానంతటదే తెలుస్తుంది.

హెచ్4 బల్బు హైబీమ్ 60 వాట్లు, రెండు కలిపి 120. 12 వోల్టుల మీద 10 ఆంప్స్. పాత బండ్లలో ఈ పది ఆంప్సూ బ్యాటరీ నుంచి డ్యాష్‌లోకి వచ్చి, లైట్ స్విచ్ గుండా, డిమ్మర్ (హై, లో మార్చే స్విచ్) గుండా, మళ్లీ ముందుకు వెళ్లి బల్బు చేరతాయి. దారి ఐదు మీటర్లు అనుకుందాం. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు మీటరుకి దాదాపు 0.018 ఓమ్ నిరోధం ఇస్తుంది. ఐదు మీటర్లకి 0.09, దాన్ని పది ఆంప్స్‌తో గుణిస్తే 0.9 వోల్టు వైరులోనే ఆవిరి. స్విచ్ పాయింట్లు, చిలుం పట్టిన కప్లర్లు, తుప్పు పట్టిన ఎర్త్ కలిసి ఇంకో అర వోల్టు తింటాయి. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పోతుంది. గోడ కనపడి రోడ్డు కనపడకపోవడం అదే.

అందుకని బల్బు మార్చి లాభం లేదు. బానెట్ కింద రెండు రిలేలు పెట్టించండి, లో కి ఒకటి, హై కి ఒకటి. బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా 2.5 చదరపు మి.మీ. వైరు రిలే 30వ కాలుకి, 87 నుంచి నేరుగా బల్బులకి, డిమ్మర్ నుంచి వచ్చే పాత వైరు 86కి, 85 ఎర్త్‌కి. ఇక డిమ్మర్ స్విచ్ మీద పడేది రిలే కాయిల్ లాగే పావు ఆంప్ లోపే. పాత స్విచ్‌కి విడిభాగాలు దొరకని బండికి ఇదే పెద్ద మేలు, స్విచ్ కాలదు.

ఎవరు వైరింగ్ కట్టినా ముందు మీరు ఒక కాగితం మీద లోడ్లు రాయాలి: ఏది ఎన్ని వాట్లు, ఎన్ని ఆంప్స్, ఎంత దూరం, బ్యాటరీ నుంచి నేరుగానా, తాళం తిప్పాకా. ఆ కాగితం లేకుండా వైరింగ్ కొనడం కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టించుకోవడమే.

మిర్చియార్డ్_మామ

మాస్టారూ నమస్కారం. ఫ్యూజు గురించి కూడా ఒక మాట చెప్పండి, మనవాళ్లు ఫ్యూజు పోగానే సిగరెట్ రేకు చుడతారు.

పాలిటెక్నిక్_మాస్టారు

నమస్కారమండీ. ఫ్యూజు కాపాడేది వైరుని, బల్బుని కాదు. కాబట్టి ఫ్యూజు సైజు వైరుని బట్టి. ముప్పావు చదరపు మి.మీ. వైరుకి ఏడున్నర, 1కి పది, ఒకటిన్నరకి పదిహేను, రెండున్నరకి ఇరవై. అంతకుమించితే ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది. బ్లేడ్ ఫ్యూజులే పెట్టించండి. ఎరుపు పది, నీలం పదిహేను, పసుపు ఇరవై, ఆకుపచ్చ ముప్పై, ఎక్కడైనా ఇదే రంగు, దారిలో ఏ కిరాణా కొట్టు పక్కన స్పేర్ల షాపులోనైనా దొరుకుతాయి. పాత పింగాణీ గొట్టం ఫ్యూజులు రెండు చివర్లా స్ప్రింగు ఒత్తిడి మీదే ఆధారపడతాయి, తుప్పు పడితే ఫ్యూజు బాగానే ఉన్నా కరెంటు పారదు.

జీపుపిచ్చోడు (మంగళగిరి)

నా మహీంద్రా జీపుకి ఇదంతా అయింది కాబట్టి రాస్తున్నా. గుంటూరు వైపు ఒక షాపులో (పేరు వద్దు) మొత్తం వైరింగ్ కట్టించా. తెచ్చి చూసుకుంటే అన్నీ రెండే రంగులు, ఎరుపు నలుపు. పైగా ఇళ్లకి వాడే వైరు. ఇంటి వైరులో తీగలు లావుగా తక్కువగా ఉంటాయి, గోడలో కదలకుండా పడుంటే ఫర్వాలేదు, డీజిల్ ఇంజిన్ ఊపుడుకి పిన్ను దగ్గర విరుగుతుంది. ఆయిలు తగిలితే పూత మెత్తబడుతుంది. అడిగితే ‘కరెంటు వస్తోందా లేదా’ అన్నాడు. వస్తోంది సార్, ఏ వైరులో వస్తోందో చెప్పండి అంటే ఆయనకీ తెలీదు!

అందుకే రంగులు. మా జీపుకి పాత ఇంగ్లీషు పద్ధతి: బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి నేరుగా, తెలుపు తాళం తిప్పాక, ఆకుపచ్చ తాళం తిప్పాక ఫ్యూజు దాటినది, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు పార్కింగ్, నలుపు ఎర్త్. నీ టాటాకి అదే అనుకోకు, నీ పాత వైరు ఏ రంగో అదే కొత్తదానికీ పెట్టించు. ఆ రంగు చారలతో సహా దొరక్కపోతే చివర్ల దగ్గర నంబరు స్లీవ్ తొడిగించు. రేపు నువ్వు అమ్మినా, దారిలో మైలవరం దగ్గర ఆగిపోయినా, అక్కడి ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తి రంగు చూసి పట్టుకోవాలి.

ఇంకో ముఖ్యమైనది, మీటర్ బోర్డులో ఆమ్మీటర్ ఉన్న పాత జీపుల వాళ్లు ఎవరైనా చదువుతుంటే: చార్జింగ్ కరెంటంతా ఆ మీటర్లోంచే డ్యాష్ వెనక తిరుగుతుంది. వెనక నట్టు వదులైతే మంట. కొత్త వైరింగ్ కట్టించేటప్పుడే దాన్ని తీసేసి వోల్ట్‌మీటర్ పెట్టించుకోండి, ఆల్టర్నేటర్ లావు వైరు డ్యాష్‌లోకి రాకుండా నేరుగా బ్యాటరీకి పంపించండి.

ఎలక్ట్రికల్_మేస్త్రి

జీపు తమ్ముడి మాట నిజం. ఇంకొకటి కలపండి. ఇప్పుడు చవక వైరులో అల్యూమినియం మీద రాగి పూత వేసినది తిరుగుతోంది. బయటికి ఎర్రగానే ఉంటుంది. ఒక్క తీగ తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. తగరం పూత వేసిన మంచి వైరు దీనికి తిరగబడి ఉంటుంది, బయట తెలుపు, గీకితే లోపల ఎరుపు, అది వాడొచ్చు. వరద ప్రాంతం కాబట్టి దొరికితే ఎర్త్‌లకి అదే వాడమంటాను. కొనేముందు అడగండి, ‘ఆటో కేబుల్, ఇన్ని చదరపు మిల్లీమీటర్లు’ అనే అడగండి, గేజి లెక్క చెప్తే ఒక్కో షాపు ఒక్కో వైరు ఇస్తుంది.

సింగ్‌నగర్ తమ్ముడూ, మేం ఎలా కడతామో చెప్తా, ఎక్కడ కట్టించినా ఇలాగే చేయించు. పాత వైరింగ్‌ని బండిలోంచి కొయ్యకుండా, కప్లర్లతో సహా ఒకే ముక్కగా తియ్యి. తీసేముందు ప్రతి కొసకీ కాగితం టేపు చుట్టి పెన్నుతో రాయి, ‘ఎడమ హెడ్‌లైటు’, ‘వైపర్’, ‘డీజిల్ ట్యాంకు’, ఇలా. ఫోన్లో ఫోటోలు తీసినా సరే, రాయడం మానకు. ఆ వైరింగ్ తెచ్చి మేం ప్లైవుడ్ పలక మీద పరుస్తాం, వంపు ఉన్న ప్రతిచోటా రెండు మేకులు, కొస దగ్గర ఒక మేకు కొడతాం. పాతది తీసేశాక ఆ మేకుల మధ్యే కొత్త వైరు ఒక్కొక్కటే పరుచుకుంటూ పోతాం, అప్పుడు కొలత ఒక అంగుళం తేడా రాదు. కొసల దగ్గర మాత్రం జానెడు ఎక్కువ వదలమని చెప్పు, పొట్టిదైతే చేసేదేం లేదు. పలక మీద ఉండగానే టెస్ట్ లాంపుతో ప్రతి వైరూ ఈ కొస నుంచి ఆ కొసకి చూడాలి, బండిలోకి ఎక్కాక కాదు. బండి దగ్గరే నిలబెట్టి గాల్లో కొలిచి కడతానన్నవాడి దగ్గరికి పోకు.

ధర గురించి, పిండి కొద్దీ రొట్టె. వైరు నువ్వు కొనిస్తే కూలి ఒక లెక్క, మేమే వేస్తే ఒక లెక్క. నా సలహా వైరు, ఫ్యూజు బాక్సు, రిలేలు నువ్వే కొను, కప్లర్లు పిన్నులు మేస్త్రీకి వదిలెయ్యి.

తెనాలి_టు_టెక్సాస్

మేస్త్రి గారు చెప్పినట్టే ఇక్కడ ఫ్యాక్టరీల్లోనూ చేస్తారు, ప్లైవుడ్ పలకే, మేకుల బదులు కొక్కేలు, అంతే తేడా. ఒక్క ప్రశ్న గురువుగారూ, పిన్నులకి లెడ్ వేస్తారా, నొక్కుతారా?

ఎలక్ట్రికల్_మేస్త్రి

రెండూ చేస్తాం. నొక్కి, పైన చుక్క లెడ్.

తెనాలి_టు_టెక్సాస్

అక్కడే నాకు అభ్యంతరం. లెడ్ వైరులోకి పాకి తీగలన్నిటినీ ఒక గట్టి కడ్డీలా చేస్తుంది, ఆ కడ్డీ ఆగిన చోట వైరు ఊగి ఊగి విరుగుతుంది. సరైన ప్లయర్‌తో నొక్కితే చాలు, లెడ్ అక్కర్లేదు.

ఎలక్ట్రికల్_మేస్త్రి

సరైన ప్లయర్ ఉంటే మీరన్నది కరెక్టే. ఇక్కడ చాలామంది మామూలు కటింగ్ ప్లేయరుతో నొక్కుతారు, అది పట్టదు, అందుకే లెడ్. నేను చేసినవి లారీల్లో తిరుగుతున్నాయి, నాకు తిరిగి రాలేదు.

పాలిటెక్నిక్_మాస్టారు

మీ ఇద్దరికీ తగాదా లేదు. పిన్నుకి రెండు జతల చెవులుంటాయి, ముందు జత రాగిని పట్టుకోవాలి, వెనక జత పూతని పట్టుకోవాలి. ఊపుడంతా ఆ వెనక జత మీద పడుతుంది. మనవాళ్లు రెంటినీ రాగి మీదే నొక్కేసి లెడ్ పోస్తారు, విరిగేది అందుకు. నొక్కాక వైరు పట్టుకుని గట్టిగా లాగి చూడండి, ఊడితే అప్పుడే ఊడాలి.

తెనాలి_టు_టెక్సాస్

లాగి చూడటానికి ఒప్పుకుంటా, లెడ్‌కి ఒప్పుకోను :)

సింగ్‌నగర్_206

లోడ్ల కాగితం రాశాను మాస్టారూ, తప్పులుంటే చెప్పండి. హెడ్‌లైట్లు మీరు చెప్పినట్టే, రెండు రిలేలు, 2.5. పార్కింగ్, నంబరు ప్లేటు, మీటరు లైట్లు కలిపి ఒకటి. బ్రేకు లైట్లు రెండూ 21 వాట్లు, 1 చదరపు మి.మీ. వైరు. ఇండికేటర్లు విడిగా. హారన్ రిలేతో, ఒకటిన్నర. వైపర్, ఒకటిన్నర. స్టీరియో, ఫోన్ చార్జర్‌కి ఒక ఖాళీ సర్క్యూట్. వెనక్కి వెళ్లే కట్టలో ఒక వైరు అదనంగా, ఎప్పుడైనా తొట్టిలో లైటు పెడితే. హీటర్ ప్లగ్గుల దగ్గరే ఆగిపోయా.

పాలిటెక్నిక్_మాస్టారు

బాగుంది. బ్రేకు లైట్లు తాళంతో పని లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు గుండా రావాలి, హజార్డ్ కూడా అంతే. హీటర్ ప్లగ్గులు నాలుగూ కలిసి 40 ఆంప్స్ పైమాటే, తాళం తిప్పిన మొదటి క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతాయి. దానికి 30 ఆంప్స్ మామూలు చిన్న రిలే పెడితే పాయింట్లు కరిగి అతుక్కుంటాయి. ‘పట్టేసి వదలదు’ అని మీరు మొదట రాసింది అదే అయ్యుండొచ్చు. హీటర్‌కని చేసిన 70 ఆంప్స్ రిలే తీసుకోండి, వైరు 6 చదరపు మి.మీ.కి తక్కువ కాకుండా, బ్యాటరీ నుంచి నేరుగా, మధ్యలో స్ట్రిప్ ఫ్యూజు. రిలే అతుక్కున్నా గంటల తరబడి ప్లగ్గులు కాలకుండా మీటర్ బోర్డు మీద హీటర్ లైటుని రిలే అవుట్‌పుట్ వైపు నుంచి కలిపించండి, కాయిల్ వైపు నుంచి కాదు. అప్పుడు ప్లగ్గులకి నిజంగా కరెంటు వెళ్తుంటేనే లైటు వెలుగుతుంది.

మిర్చియార్డ్_మామ

ఇది బాగా చెప్పారు. మా 207 వాడు ఎండాకాలం హీటర్ ఎందుకని వైరే పీకేశాడు, గుంటూరు మే నెలలో ప్లగ్గు లేకుండానే స్టార్టవుతుంది, డిసెంబర్ తెల్లవారుజామున మాత్రం తొయ్యడానికి యార్డులో హమాలీలు కావాలి.

ఒకటి నేనూ చెప్తా. ఎలకలు. మిర్చి బస్తాల వాసనకి ఎలక రాదని మా వాళ్ల నమ్మకం, నా బండిలోనే కాపురం పెట్టాయి. వైరింగ్ మీద ఉత్త నల్ల టేపు చుట్టించకు, ఎండకి జిగురు కారి వదిలేస్తుంది, దుమ్ము పడుతుంది. గాడి ఉన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగించు, క్యాబిన్ గోడలోంచి వైరు దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ పెట్టించు. రేకు అంచుకి ఆనిన వైరు ఎప్పుడో ఒకప్పుడు కోసుకుపోతుంది.

జీపుపిచ్చోడు

వరద మళ్లీ వస్తే అన్న లెక్క కూడా వెయ్యి. ఫ్యూజు బాక్సు కాళ్ల దగ్గర కాకుండా వీలైనంత పైకి, బానెట్ కింద క్యాబిన్ గోడ మీద పెట్టించు. కొసలు కింద నుంచి బాక్సులోకి ఎక్కాలి, పై నుంచి దిగకూడదు, దిగితే వైరు వెంట నీళ్లు నేరుగా లోపలికే. వెనక లైట్ల దగ్గరా తొట్టి కిందా రబ్బరు సీలు ఉన్న కప్లర్లు వాడమను.

సింగ్‌నగర్_206

సరే, తేల్చేశాను. పాత వైరింగ్ ఒకే ముక్కగా తీసి పలక మీద కట్టిస్తున్నా. వైరు నేనే కొంటున్నా, ఆటో కేబుల్, తీగ గీకి చూసి. బ్లేడ్ ఫ్యూజు బాక్సు పైన పెట్టిస్తున్నా. హెడ్‌లైట్లకి, హారన్‌కి, హీటర్‌కి రిలేలు. లెడ్ విషయంలో ఎటూ తేల్చుకోలేక మంచి నొక్కుడు ప్లయర్ ఒకటి ఆర్డర్ పెట్టా, అది మేస్త్రీ గారి చేతికిస్తా, తర్వాత ఆయన ఇష్టం.

ఇక చివరి సందేహం. ఎలాగూ అన్నీ కొత్తవే కదా అని బల్బులన్నీ ఎల్‌ఈడీ పెడదామనుకుంటున్నా, మీటర్ బోర్డుతో సహా. ఇబ్బందేమైనా ఉందా?

తెనాలి_టు_టెక్సాస్

హెడ్‌లైట్లలో వద్దు. ఆ రిఫ్లెక్టర్ ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి చేసినది, ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. రిలేలు పెట్టాక మామూలు హెచ్4 చాలు, నువ్వే చూస్తావు.

ఎలక్ట్రికల్_మేస్త్రి

ఇండికేటర్లకి ఎల్‌ఈడీ పెడితే పాత ఫ్లాషర్ డబ్బా పనిచెయ్యదు తమ్ముడూ, అది 21 వాట్ల బల్బుల కరెంటుకి వేడెక్కి కొట్టుకునేది. ఎల్‌ఈడీ అంత లాగదు, కాబట్టి గబగబా కొట్టుకుంటుంది లేదా అసలు కొట్టుకోదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేసుకో. పార్కింగ్, నంబరు ప్లేటు లైట్లకి ఎల్‌ఈడీ పెట్టు, ఏ ఇబ్బందీ లేదు.

మీటర్ బోర్డులో బ్యాటరీ గుర్తు ఉండే ఎర్ర లైటు ఒక్కటి ముట్టుకోకు. అది ఉత్త గుర్తు కాదు, తాళం తిప్పగానే ఆ బల్బులోంచే ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు వెళ్లి లేస్తుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే అంత కరెంటు పారదు, ఇంజిన్ తిరుగుతుంటుంది, చార్జింగ్ ఎక్కదు, నువ్వు వైరింగ్ తప్పు కట్టానని నా మీదకొస్తావు. పాత రకం బల్బే ఉండనీ. పలక రెడీగా ఉంటుంది, వచ్చేముందు బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టి, పాత వైరింగ్‌కి చీటీలు కట్టి పట్టుకురా.

సింగ్‌నగర్_206

సరే అన్నా, చీటీలు సగం రాసేశా. గురువారం పొద్దున్నే వస్తా.